కొండ పేరు ముందు, మనిషి పేరు వెనుక

మదనపల్లె మనిషి మొదటిసారి న్యూజిలాండ్ నగరం ఆక్లండ్‌లో దిగి ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లో నీళ్లో, గుట్టో ఎదురవుతుంది. వైటెమాటా, మనుకావు అనే రెండు రేవుల మధ్య, యాభైకి పైగా చిన్న అగ్నిపర్వతాలున్న నేల మీద ఆ నగరం లేచింది. ఊరి మధ్యనున్న మౌంట్ ఈడెన్ ఎత్తు 196 మీటర్లు. హార్స్‌లీ హిల్స్ చూసి పెరిగినవాడికి అది కొండ కిందే లెక్క కాదు.

పేరు మాత్రం ఆపుతుంది. జార్జ్ ఈడెన్, అంటే లార్డ్ ఆక్లండ్, 1836 నుంచి 1842 దాకా మన గవర్నర్ జనరల్. ఊరికీ ఆయన పేరే, కొండకూ ఆయన పేరే. ఆయనేమో అక్కడ కాలు పెట్టలేదు. 1848లో కలకత్తాలో నిలబెట్టిన ఆయన విగ్రహం 1969లో కానుకగా అక్కడికి చేరింది. ఆ లెక్కన కడప కలెక్టర్ హార్స్‌లీ నయం. ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకుని, చల్లగాలి పీల్చాకే దానికి హార్స్‌లీ హిల్స్ అన్న పేరు పడింది.

అక్కడి మూలవాసులైన మావోరీలకు మౌంట్ ఈడెన్ పేరు మౌంగఫావ్. వాలు పొడవునా వాళ్ల పూర్వీకులు చెక్కిన మెట్ల వంటి చదునులు, గెనుసుగడ్డలు దాచుకున్న గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. నడినెత్తిన యాభై మీటర్ల లోతున్న బిలం పవిత్రం, అందులోకి దిగకూడదు. 2014 చట్టంతో అలాంటి పద్నాలుగు కొండలు పదమూడు తెగల చేతికి తిరిగొచ్చాయి, అందరికీ దారి తెరిచి ఉంచాలన్న షరతుతో.

మావోరీ మనిషి సభలో తనను పరిచయం చేసుకునే తీరు యాత్రికుణ్ణి ఇంకా కలవరపెడుతుంది. ముందు తన కొండ, తర్వాత తన నీరు, పూర్వీకులు వచ్చిన పడవ, తెగ. సొంత పేరు చిట్టచివర. పుంగనూరువాడు అలా మొదలుపెట్టాలంటే బోయకొండ అనొచ్చు, ఆ కొండమీది గంగమ్మ తోడుంటుంది. మూడు రాష్ట్రాల అంచున బతికే కుప్పంవాడికి తెలుగులో చెప్పాలా, తమిళంలోనా, కన్నడంలోనా అన్న చిక్కు ముందొస్తుంది. ఊరు, కులం, ఎవరబ్బాయి అని అడిగే మన అలవాటులో కొండకు చోటెక్కడ?

ఇలాంటి చోటికే 1934లో జిడ్డు కృష్ణమూర్తి వెళ్లారు. 1895లో మదనపల్లెలో పుట్టి, జగద్గురువని కూర్చోబెట్టిన పీఠాన్ని 1929లో తానే రద్దు చేసిన మనిషి. అక్కడ ఆయన్ను రేడియోలో మాట్లాడనివ్వలేదు. అప్పుడు న్యూజిలాండ్‌లోనే ఉన్న బెర్నార్డ్ షా దాన్ని తప్పుబట్టారు. జాతి, మతం, సంప్రదాయం ఇచ్చే గుర్తింపులన్నీ విడిచిపెట్టాలన్నది కృష్ణమూర్తి మాట. కొండతో తన పేరును ముడివేసుకున్నవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుంది?

విడిచిపెట్టాలంటే ముందు చేతిలో ఉండాలి కదా. ఆక్లండ్‌లోనే ఒకాహు తీరంలోని మావోరీ పల్లెను 1950ల మొదట్లో ఖాళీ చేయించి, ఇళ్లు తగలబెట్టారు. ఆ తీరం పైనున్న బాస్టియన్ పాయింట్‌లో 1977లో న్గాటి ఫాతువా తెగవారు మకాం వేసి 506 రోజులు కదల్లేదు. చివరికి పోలీసులు వచ్చి 222 మందిని అరెస్టు చేశారు. ఆ భూమి తర్వాత వాళ్లకే దక్కింది. వాళ్లను పట్టుకుని మమకారం వదలండి అనడం ఎంత పెద్ద తత్త్వవేత్తకైనా తగదు. పైగా కృష్ణమూర్తి కూడా పాఠశాల కోసం పుట్టిన ఊరి దగ్గరి కొండలనే ఎంచుకున్నారు. రిషివ్యాలీ అలా వచ్చిందే. దాన్ని వైరుధ్యమని వేలెత్తి చూపాలని యాత్రికుడికి అనిపించదు, ఒకింత ఊరటే కలుగుతుంది.

2025 జనవరిలో న్యూజిలాండ్ పార్లమెంటు తారనాకి పర్వతానికి చట్టం ముందు మనిషితో సమానమైన హోదా ఇచ్చింది. మన కోర్టుల్లో దేవుడు ఎప్పటినుంచో వాదీ, ప్రతివాదీ కూడా. గుడిలోని విగ్రహం పేరిట ఆస్తి ఉండొచ్చు, దావా వేయొచ్చు. బోయకొండ గంగమ్మకు ఆ హక్కు ఉంది. ఆమెను మోస్తున్న రాతికి లేదు.