దాచుకొనిన జ్ఞాపకములు



ఒకడు తనకు ప్రియమైన పాత వస్తువులను కూర్చి దాచుకొనుట మంచిదేనా? లేక అది భూమిమీద ధనము కూర్చుకొనవద్దని ప్రభువు చెప్పిన మాటను మీరుటయా? (మత్తయి 6:19-21). ఈ అలవాటు అమెరికా దేశములో మిక్కిలి పెద్దదై యున్నది గనుక అక్కడి సంగతులనుబట్టి ఆలోచింతము.

ఆ దేశస్థులకు బేస్‌బాల్ అను ఆటయందు గొప్ప అభిమానము. అదియు క్రికెట్టువలె బ్యాటుతో బంతిని కొట్టి పరుగెత్తు ఆటయే. అనేకులు చిన్ననాటినుండి తాము ప్రేమించిన జట్టుయొక్క పాత టోపీలను, చొక్కాలను, టిక్కెట్లను, ఆటగాండ్లు చేవ్రాలు చేసిన బంతులను, వారి బొమ్మలు అచ్చువేసిన చిన్న అట్టలను వెదకి కొని భద్రపరచుకొందురు.

న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ అను భాగమున డాడ్జర్స్ అను జట్టు ఉండెను. వారి మైదానమైన ఎబెట్స్ ఫీల్డ్ 1913లో తెరవబడెను. 1957లో ఆటలు ముగిసిన తరువాత యజమానులు జట్టును లాస్ ఏంజిలిస్‌కు తరలించిరి. 1960లో మైదానమును పడగొట్టించి, ఆ స్థలములో నివాసపు మేడలు కట్టిరి. దాని ఇటుకలను, కుర్చీలను దాచుకొనినవారు నేటికిని ఉన్నారు.

ఇటుకలో ఏమున్నదని మనము నవ్వవచ్చును. కాని 1947 ఏప్రిల్ 15న ఆ మైదానములోనే జాకీ రాబిన్సన్ అను నల్లజాతివాడు డాడ్జర్స్ పక్షమున ఆడెను. అంతకు ముందు సుమారు అరువది ఏండ్లు పెద్ద జట్లవారు నల్లవారిని చేర్చుకొనలేదు. జట్టు అధికారియైన బ్రాంచ్ రిక్కీ మెథడిస్టు క్రైస్తవుడు. రాబిన్సన్ కూడ ఆ సంఘమువాడే. ఎంత తిట్టినను, అవమానపరచినను తిరిగి కొట్టకుండు ధైర్యము నీకు కలదా అని రిక్కీ 1945లో అడుగగా అతడు ఒప్పుకొనెను. ఆ మాట నిలుపుకొని ఆడెను. అంటరానితనపు బాధ యెరిగిన మన సంఘములకు ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు. ఒక తాత ఆ ఇటుకను మనుమని చేతిలో పెట్టి ఈ సంగతి చెప్పినయెడల, అది యొర్దానులోనుండి తెచ్చి గిల్గాలులో నిలిపిన పండ్రెండు రాళ్లవంటిదగును. ఈ రాళ్లెందుకని పిల్లలు అడుగవలెననియే యెహోషువ వాటిని నిలిపెను (యెహోషువ 4).

ఇక రెండవ ప్రక్కను చూడుడి. 1909 మొదలు 1911 వరకు ఒక పొగాకు కంపెనీ సిగరెట్టు పెట్టెలలో ఆటగాండ్ల బొమ్మల అట్టలు పెట్టి అమ్మెను. హోనస్ వాగ్నర్ అను గొప్ప ఆటగాడు సమ్మతింపనందున అతని అట్ట ముద్రణ ఆగిపోయెను. పిల్లలు పొగాకు కొనుట అతనికి ఇష్టము లేకపోయెనని అనేకులు చెప్పుదురు. అరుదైనది గనుక 2022లో అట్టిది ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. మరియొక వాగ్నర్ అట్ట అంచులు కత్తిరించి, చెక్కుచెదరనిదానివలె చూపి అమ్మిన వేలంపాట వ్యాపారి 2013లో తన మోసమును ఒప్పుకొనెను. లాభమును వద్దనిన మనుష్యుని బొమ్మయే ఇతరుల లోభమునకు వల ఆయెను!

కాబట్టి తప్పు వస్తువులో లేదు. అరణ్యములో రేపటికని దాచిన మన్నా పురుగుపట్టి కంపుకొట్టెను. రాబోవు తరములవారికి చూపుటకై పాత్రలో ఉంచిన మన్నా నిలిచెను (నిర్గమ 16). మన్నా ఒక్కటే, దాచిన ఉద్దేశములు రెండు.

అయినను మంచి ఉద్దేశముతో దాచినదియు ఉరి కావచ్చును. మోషే చేసిన ఇత్తడి సర్పము నకలు కాదు; దేవుని ఆజ్ఞచొప్పున చేయబడి, చూచినవారిని బ్రదికించినది. ప్రజలు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని ముక్కలు చేసెను (2 రాజులు 18:4). వస్తువు పోయెను గాని సాక్ష్యము పోలేదు. మన ప్రభువు నీకొదేముతో మాటలాడునప్పుడు ఆ సర్పమునే జ్ఞాపకము చేసెను (యోహాను 3:14). ఎబెట్స్ ఫీల్డ్ కూడ పోయెను. అయినను 2009 మొదలు సాధారణముగా ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15న ఆ దేశపు పెద్ద జట్ల ఆటగాండ్లందరు రాబిన్సన్ ధరించిన 42వ సంఖ్యను ధరించి ఆడుచున్నారు.

మన ప్రభువు సిలువయొద్ద ఆయన వస్త్రములకు చీట్లు వేసికొనిన సైనికులకు ఆయన అంగీ దొరకెను గాని ఆయన దొరకలేదు. శిష్యులకు ఆయన అంగీని విడిచిపెట్టలేదు. రొట్టెను, పాత్రను ఇచ్చి, తన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీని చేయుడనెను. అవి పెట్టెలో దాచుకొనునవి కావు; విరిచి, పంచుకొని, తినవలసినవి.

మన యిండ్లలోను తాతగారి బైబిలు గుడ్డలో చుట్టి పెట్టెలో భద్రముగా ఉన్నది. తాళము తీసి అది ఉన్నదో లేదో చూచుకొందుము, తెరచి చదువము. ప్రియులారా, దానిని బయటికి తీయుడి. తాతగారు ఏ వచనము క్రింద గీత గీసిరో పిల్లలకు చూపుడి. ఏ కష్టములో ఆ వచనము ఆయనను నిలిపెనో చెప్పుడి. పుటలు నలిగిన నలుగనిండు. చెప్పబడిన జ్ఞాపకమునకు చిమ్మెట పట్టదు, దొంగ కన్నము వేయడు.

ప్రభువు తన కార్యములను మన పిల్లలకు తెలియజెప్పు నోరు మనకు దయచేయును గాక. ఆమేన్.