అమ్మ అమ్మిన పసుపుపచ్చ గిన్నె

వలిసె పూలు పూసే రోజుల్లో మా ఊరి దారి పొడుగునా కార్లు ఆగుతాయి. పట్నం నుంచి వచ్చినవాళ్లు చేలోకి దిగి ఫోటోలు తీసుకుంటారు. మనిషికి పదో ఇరవయ్యో రైతు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. నూనెగింజల కోసం చల్లుకున్న చేను పువ్వు మీద ఉండగానే డబ్బులిస్తుందని మా తాతల కాలంలో ఎవరైనా చెబితే నవ్వేవారు. రెండేళ్ల కిందట అలా వచ్చిన ఒక మేడమ్ పూలు చూసి ఊరుకోలేదు. ఊళ్లోకి నడిచి వచ్చి, పాత గిన్నెలు, పళ్లేలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. గాజువైనా సరే, పింగాణీవైనా సరే, రంగు మాత్రం పసుపు ఉండాలి. విశాఖపట్నంలో ఆమె ఇంట్లో భోజనాల బల్ల మీద అన్నీ ఆ రంగు పాత సామానే ఉంచుకోవాలని ఏళ్లుగా ఏరుకుంటున్నారట.

మేం బడిపంతుళ్లం కాబట్టి ఊళ్లోకి ఎవరొచ్చినా ముందు మా గుమ్మంలోకే వస్తారు. సర్వే వాళ్లైనా, కాఫీ పిక్కలు కొనేవాళ్లైనా అంతే. ఇద్దరి మధ్య ఒక మాస్టారు నిలబడితే కొనేవాళ్లకీ ధైర్యం, అమ్మేవాళ్లకీ ధైర్యం. ఆ నిలబడడం ఏమిటో ఆలోచించాల్సిన అవసరం మాకు అప్పటిదాకా రాలేదు.

అలాంటివి మా ఇంట్లోనే రెండున్నాయి. ఒకటి దోసెడు గింజలు పట్టే తేనెరంగు గాజు గిన్నె. రెండోది అంచు విరిగిన పసుపు పింగాణీ సాసరు. రెండూ తాత తెచ్చినవే. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలుమార్గం వేస్తున్నప్పుడు అనంతగిరి కొండల్లో సొరంగాలు తొలిచిన చోట మా వాళ్లు రాళ్లు మోశారు. బైలదిల్లా ఇనుపరాయి విశాఖ రేవుకి దిగి, అక్కడి నుంచి ఓడలెక్కి జపాను పోవడానికి వేసిన మార్గం అది. పని అయిపోయి క్యాంపు ఎత్తేసిన రోజున వంటాయన పారేయబోతున్న సామాన్లలోంచి ఈ రెండూ తాత చేతికొచ్చాయని అమ్మ చెబుతుంది. కూలిడబ్బులు ఎప్పుడో ఖర్చైపోయాయి. గిన్నె మిగిలింది.

ఏడాదంతా అది పాతగుడ్డలో చుట్టి అటక మీదే ఉండేది. కొత్తల పండగ నాడు మాత్రం దింపేవాళ్లం. కొత్తగింజల అన్నం ముందు మా పెద్దలకి, అంటే చనిపోయినవాళ్లకి, అందులోనే పెట్టేది అమ్మ. ఆ తర్వాతే మాకు. గుడ్డివెలుతురులో ఆ గిన్నె లోపలి అన్నం కూడా పసుపు కలిపినట్టు కనబడేది. చిన్నప్పుడు మాకు పండగంటే అదే.

మేడమ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. 300 రూపాయలు ఇస్తామన్నారు. దానితోపాటు పువ్వుల బొమ్మలున్న కొత్త మెలమైన్ ప్లేట్ల సెట్టు కూడా ఇస్తామన్నారు. అమ్మ మా మొహం చూసింది. మేడమ్ కూడా మా వైపే తిరిగి, "మాస్టారూ, మీరే చెప్పండి, న్యాయమైన ధరేనా?" అన్నారు. మోసం చేసే మనిషైతే ఆ మాట అడగరు. "మంచి ధరేనండి" అన్నాం. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

తర్వాత కొన్నాళ్లకి ట్రైనింగు పని మీద విశాఖ వెళితే మేడమ్ భోజనానికి పిలిచారు. వెళ్లాం. పొడుగాటి బల్ల మీద పాతిక ముప్పై పాత్రలు. నిమ్మపండు రంగువి, తేనె రంగువి, చామంతి రంగువి. మా గిన్నె మూడో వరసలో ఉంది. చూడగానే గుండె కాస్త జారిన మాట నిజం.

ఆమెకి వాటి గురించి బాగా తెలుసు, అడిగితే సంతోషంగా చెబుతారు. లైట్లు ఆర్పి, ఊదారంగు టార్చి ఒకటి వేసి చూపించారు. నిమ్మరంగు గాజువి నాలుగైదు మిణుగురుల్లా ఆకుపచ్చగా వెలిగాయి. వాటిలో యురేనియం ఉంటుందట. 1830ల నుంచి బొహీమియాలో, తర్వాత మిగతా యూరప్‌లో, అమెరికాలో కూడా గాజులో కొద్దిగా యురేనియం కలిపి ఆ రంగు తెప్పించేవారు. సేకరించేవాళ్లు వాటికే ఎక్కువ ధర పెడతారు. టార్చి మా గిన్నె మీదికి తిరిగింది. అది వెలగలేదు. ఇనుము, గంధకం, బొగ్గు కలిపితే వచ్చే మామూలు తేనెరంగు గాజు. "ఇది మామూలుదే మాస్టారూ, అయినా నాకిష్టం" అన్నారామె. అంటే ఆమె లెక్కలో కూడా మేం చెప్పిన ధర తక్కువేమీ కాదు. మోసపోయామని కోపం తెచ్చుకునే వీలు కూడా మాకు మిగల్లేదు.

ఇంకా చాలా చెప్పారు. 1930ల్లో అమెరికాలో పనుల్లేక జనం అల్లాడిన రోజుల్లో ఓట్స్ పెట్టెల్లో, సినిమా టిక్కెట్ల మీద ఇలాంటి చౌక గాజు పాత్రలు ఊరికే ఇచ్చేవారట, సంతలో చోళ్లు కొలిచాక కొసరు వేసినట్టు. ఆ కొసరునే ఇప్పుడు వెతికి వెతికి కొంటున్నారు. చైనాలో చింగ్ రాజుల కాలంలోనైతే లోపలా బయటా పసుపు రంగున్న పళ్లెం చక్రవర్తికి, మహారాణికి, రాజమాతకి మాత్రమే. తర్వాతి హోదా రాణికి బయట పసుపు, లోపల తెలుపు. అది విని మాకు నవ్వొచ్చింది. మా పాడేరు కొండల్లో పసుపుకొమ్ములు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో పిల్లల అరికాళ్లు కూడా పసుపే.

భోజనం మాత్రం తెల్లటి కొత్త ప్లేట్లలో వడ్డించారు. పసుపువాటిలో తినరా అని అడిగాం. పాత పింగాణీ మీద పసుపు పూతలో సీసం ఉండొచ్చని, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుందని చెప్పారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక రకం ఆకుపచ్చ పింగాణీ పళ్లేలున్నాయి. విషం కలిసిన తిండి పెడితే అవి పగులుతాయని దక్కను నవాబులు నమ్మేవారట. ఇక్కడ పళ్లెమే విషం కావచ్చన్నమాట. మా చిన్నమ్మాయి ఆ విరిగిన సాసరులో చింతకాయ తొక్కు వేసుకుని నాకడం గుర్తొచ్చి ముద్ద దిగలేదు. భోజనాల బల్ల కోసం ఏరిన పాత్రల్లో భోజనం ఉండదు. మా ఇంట్లో ఏడాదికి ఒక్కరోజైనా ఉండేది, అదీ తినలేనివాళ్ల కోసం.

తిరుగు రైల్లో, తాతవాళ్లు రాళ్లు మోసిన ఆ సొరంగాల్లోంచే వస్తూ, 1/70 చట్టం గురించి ఆలోచించాం. మా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ధర న్యాయమైనదా, అమ్మినవాడు ఇష్టపడే అమ్మాడా అని చట్టం అడగదు. అవసరంలో ఉన్నవాడి ఇష్టం, డబ్బున్నవాడి ఇష్టం ఒకటి కావని దానికి తెలుసు. ఆ చట్టం లేకపోతే మాకీపాటికి ఇంటిజాగా కూడా ఉండేది కాదు. మరి అదే మాట గిన్నెకి ఎందుకు వర్తించదు? పురావస్తువుల మీద 1972 చట్టం ఒకటుంది గానీ అది మామూలుగా వందేళ్లు దాటిన వస్తువుల గురించి. తాత గిన్నెకి అంత వయసు లెక్క చెప్పేవాళ్లు లేరు.

కానీ ఆ దారిలో నాలుగడుగులు వేస్తే ఎక్కడికి పోతాం? అమ్మ గిన్నె అమ్మ అమ్ముకోకూడదని మేం చెప్పాలి. భూమి రేపటి పిల్లలది కూడా, అందుకే ఒక్కరి చేతిలో దాని అమ్మకం పెట్టలేం. గిన్నె అలా కాదు. 300 రూపాయలతో ఆమె మోకాలి నొప్పికి నూనె కొనుక్కుంది. వద్దనే హక్కు ఎవరికుంది? ఆదివాసీ వస్తువులు ఆదివాసీ ఇళ్లలోనే ఉండాలని సభల్లో మాట్లాడేవాళ్లం మేమే. ఆ మాటకి చప్పట్లు బాగా పడతాయి. అయితే అందులో మా ముసలమ్మలని మ్యూజియం కాపలావాళ్లుగా చేసే గుణం ఒకటుంది. అరకు గిరిజన మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒక పాప అక్కడి సామాన్లు చూసి, "సార్, ఇవి మా ఇంట్లో కూడా ఉన్నాయి, టిక్కెట్టెందుకు?" అంది. జవాబు చెప్పలేక పద పద అని ముందుకు నడిపించాం.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాం. గిన్నె బల్ల మీద ఉందని, దీపం వేసి చూపించారని, అందులో ఎవరూ తినరని. పండక్కి ఏం చేద్దామని కూడా అడిగాం. అమ్మ అడ్డాకులు కుట్టుకుంటూ తల ఎత్తకుండానే అంది. "మీ తాత అది తేకముందు పెద్దలకి పెట్టలేదేటి? ఆకులోనే పెట్టేవోళ్లం. సచ్చిపోయినోళ్లకి ఆకు తెలుసు గానీ బాబూ, గాజు తెలుసేటి?"

బాధ అమ్మది కాదు, మాది. మరి మాకెందుకు? ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. టి.టి.సి. చదివే రోజుల్లో భీమిలి నుంచి స్నేహితులు మా ఊరొస్తే, అంబలి బుర్ర లోపల పెట్టెయ్యమని, అడ్డాకులు తియ్యమని, స్టీలు కంచాలు అరువు తెమ్మని అమ్మతో చెప్పింది మేమే. ఆ గాజు గిన్నె అప్పుడూ అటక మీదే ఉంది. దాన్ని చూపించాలని కూడా తోచలేదు. ఎవరో పారేసింది తెచ్చుకున్నారంటారని భయం. పట్నం బల్ల మీద, పట్నం దీపం కింద, పట్నం మనిషి ముచ్చటపడ్డాకే అది మా కంటికి అందంగా కనిపించింది. గుండె జారింది తాత గిన్నె పోయినందుకా, మేడమ్‌కి ఉన్న వస్తువు మాకు లేనందుకా? ఎంత తరచి చూసుకున్నా ఈ రెండూ విడివిడిగా దొరకడం లేదు. "మంచి ధరే" అన్న రోజున మేం అబద్ధం చెప్పలేదు. కాకపోతే ధర తప్ప మరో మాట మా నోట్లో లేదు. పండగ మాట, తాత మాట మేడమ్‌కి చెప్పి ఉంటే ఆమె బహుశా కొనేవారు కాదు. లేదా ఇంకో వంద ఎక్కువిచ్చేవారు. ఆ రెండోది జరుగుతుందేమోనన్న సిగ్గుతోనే చెప్పలేదేమో.

ఈ ఏడు వలిసె పూస్తుండగా మేడమ్ ఫోన్ చేశారు. ఆ విరిగిన సాసరు ఇంకా ఉందా, విరిగినా పర్వాలేదు, జత కలుస్తుంది అన్నారు. ఈసారి ధర మాట ఎత్తకుండా అమ్మని అడుగుతామని చెప్పి పెట్టేశాం. సాసరు పెరట్లో ఉంది. సీసం మాట తెలిశాక పిల్లల చేతికి అందనివ్వడం లేదు. అమ్మ దాన్ని కోడిపిల్లలకి నూకలు పోసే మూకుడు చేసుకుంది.

"ఇస్తావా అమ్మా?" అన్నాం.

"ఇస్తే ఇస్తాను గానీ, పిల్లలకి దేంట్లో పొయ్యాల? సంతకెళ్లి ఇంకో మూకుడు తెచ్చి మాటాడు ముందు" అంది.

రెండు సంతలు దాటిపోయాయి. మూకుడు ఇంకా తేలేదు.