స్పృహ తప్పించి చంపడం: పంది వధలో అహింస ప్రశ్న

పంది గొంతు కోసే ముందు దాని స్పృహ తప్పించడాన్ని స్టన్నింగ్ అంటారు. రక్తం కారి ప్రాణం పోయేదాకా జంతువుకు బాధ తెలియకూడదన్నది దీని ఉద్దేశం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఇందుకు మూడు మార్గాలు చూపాయి: కరెంటు, కార్బన్ డయాక్సైడ్, పుర్రెపై యంత్రంతో కొట్టే దెబ్బ.

తలకు రెండువైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి తగినంత కరెంటు పంపితే స్పృహ క్షణంలో పోతుంది. ఐరోపా సమాఖ్య 2009 నిబంధన పందికి కనీసం 1.3 ఆంపియర్లు ఉండాలంటుంది. ఆ మైకం కొద్దిసేపే ఉంటుంది. వెంటనే కోయకపోతే పంది తేరుకుంటుంది. ఎలక్ట్రోడ్లు సరైన చోట పడకపోతే షాకు బాధంతా మెలకువలోనే పడుతుంది. మందలో బతికే జంతువును విడదీసి ఒంటరిగా నిలబెట్టడమూ దాన్ని బెదరగొడుతుంది.

గ్యాసు గదిలోకి పందులను గుంపుగా దించుతారు కాబట్టి ఆ బెదురు తగ్గుతుంది. కానీ 80 శాతానికి పైబడిన కార్బన్ డయాక్సైడ్ తడి ముక్కుపొరలను మండిస్తుంది. స్పృహ పోయేలోపు పందులు ఊపిరాడక పెనుగులాడతాయి. బదులుగా ఆర్గాన్ వాయువు వాడితే ఆ మంట ఉండదు, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. పుర్రెపై కొట్టే యంత్రమైన బోల్టు తుపాకీ దెబ్బ గురిగా తగిలితే వెంటనే పనిచేస్తుంది, అయితే ముదురు పందుల పుర్రె మందంగా ఉండి అది మెదడుదాకా చేరకపోవచ్చు.

బాధ తగ్గితే హింస తగ్గినట్టేనా? అహింసను బోధించిన జైనం, బౌద్ధం ఈ ప్రశ్నను ఎలా చూస్తాయో గమనించాలి. జైనం దృష్టిలో పంది పంచేంద్రియ జీవి. దాన్ని చంపడం, చంపించడం, చంపితే సమ్మతించడం మూడూ హింసే; స్పృహ తప్పించినంత మాత్రాన ఆ దోషం పోదు. బౌద్ధం కర్మను చేతనతో, అంటే సంకల్పంతో కొలుస్తుంది; ఉపాసకులు చేయరాని ఐదు వ్యాపారాల్లో మాంసవిక్రయాన్నీ చేర్చింది. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని మాత్రం భిక్షువు స్వీకరించవచ్చంది.

రెండు సంప్రదాయాలూ ప్రాణం తీయడాన్ని ఒప్పుకోలేదు. అలాగని బాధను లెక్కలోంచి తీసేయనూ లేదు. పంది నొప్పి తగ్గించడం చంపడానికి అనుమతిపత్రం కాదు. చంపడం తప్పన్న కారణంతో దాని నొప్పిని పట్టించుకోకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. పందుల పెంపకం ఎరుకలవారి వంటి సముదాయాలకు తరతరాల బతుకుతెరువు. సమ్మతి కూడా హింసే అయినప్పుడు పాపమంతా పెంచేవారిమీద, కోసేవారిమీద మోపి తినేవారు తప్పుకోవడం న్యాయం కాదు. ఏ పద్ధతిలో తక్కువ బాధ ఉందో అడగడం, దానికయ్యే ఖర్చును మాంసం ధరలో భరించడం తినేవారి ధర్మం.