నాగార్జునుడి ప్రశ్న, నవోదయ పరీక్ష

పత్తి, మిరప పండే గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానాల్లో చురుకైన పిల్లల గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. అది దేవుడిచ్చిన తెలివి అని ఒకటి, రాసిపెట్టి ఉంటే చదువు అదే వస్తుందని ఇంకొకటి. పైకి మెప్పులా, ఓదార్పులా ఉన్నా, ఈ రెండింటి అడుగునా ఒక తాత్విక నిర్ణయం ఉంది: ప్రతిభ అనేది బిడ్డలో ముందే పూర్తిగా ఉండే గుణమని, దానికి ఎవరి ఆసరా అక్కర్లేదని. ఆ నిర్ణయం తప్పు. దాన్ని పరీక్షించినవాడు ఈ నేలకు కొత్తవాడేమీ కాదు. సంప్రదాయం శ్రీపర్వతంతో, అంటే మన నాగార్జునకొండతో ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో మొదటి ప్రకరణాన్నే ప్రత్యయాల, అంటే ఒకటి కలగడానికి తోడ్పడే పరిస్థితుల, పరీక్షకు ఇచ్చాడు, పదిహేనో ప్రకరణంలో స్వభావాన్ని పరీక్షకు పెట్టాడు. తనంతట తానే నిలిచే స్వభావం దేనికీ లేదని, ఏదైనా హేతువులను, ప్రత్యయాలను ఆశ్రయించే కలుగుతుందని ఆయన వాదన సారం. దీన్ని ప్రతిభకు అన్వయిస్తే, మంచి చదువు ప్రతిభకు ఇచ్చే బహుమానం కాదు, ప్రతిభ కలగడానికి కావలసిన ప్రత్యయాల్లో ఒకటి అవుతుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం కవి జాషువా. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం మధ్య పెరిగి మహాకవి అయ్యాడు కదా, ప్రతిభ ఎక్కడున్నా బయటపడుతుంది కదా అంటారు. జాషువా జీవితం చెప్పేది దానికి విరుద్ధం. ఆయనకు మిషన్ బడుల ఆసరా దొరికింది. మేఘసందేశం, రఘువంశం చెప్పడానికి జూపూడి హనుమచ్ఛాస్త్రి ముందుకొచ్చాడు. ఆ రోజుల్లో ఒక దళిత యువకుడికి సంస్కృత కావ్యం చెప్పే గురువు దొరకడం ఎంత అరుదో ఆలోచించాలి. అలాంటి గురువు దొరకని వారి పేర్లు మనకు తెలియవు. తెలియవు కాబట్టే, గెలిచినవారినే లెక్కపెట్టి ప్రతిభ దాగదని తీర్మానించడం ఇంత సులువుగా సాగుతోంది.

ఇప్పటి పరిస్థితి చూద్దాం. 1986 జాతీయ విద్యా విధానం నాటి నవోదయ విద్యాలయాలు పల్లె పిల్లల కోసమే పుట్టాయి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులవి, మూడో వంతు ఆడపిల్లలవి. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఒకటి ఉంది. ఆరో తరగతిలో 80 మంది దాకా తీసుకుంటారు. ఈ ఏర్పాటును నేను మనసారా గౌరవిస్తాను. కానీ ప్రవేశ పరీక్ష 2024, 2025లో మన దగ్గర జనవరిలో జరిగింది. అవి మిరపకోతల రోజులు. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇక్కడి చేలకు వలస వచ్చి గుడారాల్లో ఉంటాయి. పిల్లలు వెంట వస్తే బడి ఆగుతుంది. సీజనల్ హాస్టళ్లు కొందరిని ఊళ్లో నిలపగలుగుతున్నాయి, అందరినీ కాదు. నిబంధన ప్రకారం ఏ జిల్లాలో ఐదో తరగతి చదువుతున్నారో ఆ జిల్లాలోనే రాయాలి. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెబడిలో పూర్తి సంవత్సరాలుగా చదివి ఉండాలి. ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయడానికి వీల్లేదు. కోతల్లో ఉండిపోయిన పదేళ్ల పిల్లకు ఆ ఒక్క పరీక్ష పోతే తలుపు మూసుకున్నట్టే. ఇక్కడ పరీక్ష కొలుస్తున్నది తెలివిని ఎంత, ఐదేళ్లు నిలకడగా సాగిన చదువును ఎంత?

నాగార్జునుణ్ణి నమ్మేవారికే ఇంకో చిక్కు ఉంది. స్వభావమే లేదంటే ప్రతిభావంతులైన పిల్లలు అనే మాటకు అర్థమేముంది, వేరే బడి ఎందుకు? ఇది బలమైన ప్రశ్న. జవాబు కారికల ఇరవైనాలుగో ప్రకరణంలోనే దొరుకుతుంది. సంవృతి సత్యం అంటే వ్యవహారంలోని సత్యం, పరమార్థ సత్యం అని ఆయన రెండు చెప్పాడు, వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని బోధించలేమన్నాడు. తోటివాళ్లు తంటాలు పడే లెక్కను ఒక పిల్ల ఇవాళ చిటికెలో చేస్తోంది. అది వ్యవహారంలో నిజం, ఉపాధ్యాయుడు కదలడానికి ఆ నిజం చాలు. అది శాశ్వతమైన ముద్ర కాదు, అంతే. పదిమందిని ఏరి మిగతావారిని వదిలేయడం అన్యాయమనే వాదనకూ ఇక్కడే సగం ఒప్పుకోలు ఉంది. ప్రతిభ స్థిరం కానప్పుడు పదేళ్ల వయసులో ఒకేసారి ఏరడం అన్యాయమే. అయితే ఏరడమే వద్దంటే నష్టపోయేది ఎవరు? డబ్బున్నవారి పిల్లలకు ట్యూషనూ కార్పొరేట్ బడీ ఎలాగూ ఉంటాయి. మిగిలేది కూలీ బిడ్డే.

1972లో తాడికొండలో గురుకులం పెట్టినప్పుడు పేదింటి చురుకైన పిల్లలకు తిండి, వసతి, మంచి ఉపాధ్యాయులు ఒకేచోట అందాలనుకున్నారు. అది ప్రత్యయాలను కూర్చడమే. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి ఇచ్చే జాతీయ ఉపకారవేతనం ఏడాదికి 12,000 రూపాయలు. కోతల కూలికి పోకుండా ఆపడానికి అది కొంతే పనికొస్తుంది, మంచి లెక్కల మాస్టారును మాత్రం తెచ్చిపెట్టదు. నవోదయలో తొమ్మిదో తరగతి ప్రవేశం ఉన్నా అది ఖాళీలు పడితేనే. ఆ సీట్లను ముందే కేటాయించి, పరీక్షను కోతలు లేని జులైలోనూ ఒకసారి పెట్టి, వలస వచ్చిన పిల్ల ఎక్కడుంటే అక్కడి మండల కేంద్రంలో రాసేలా చేయడానికి కొత్త సంస్థ అక్కర్లేదు, ఉన్న నిబంధనలు మారిస్తే చాలు.