నేలలోని ఋణము

తెలియక చేసిన కీడునకు మానవుడు ఎంతవరకు బాధ్యుడు? ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ధర్మశాస్త్రకారులు తెలిసి చేసిన దోషమును, తెలియక చేసిన దోషమును వేరుచేసి, రెండవదానికి ప్రాయశ్చిత్తమును తేలిక చేసిరి. కాని ప్రాయశ్చిత్తమే అక్కరలేదని వారు చెప్పలేదు. ఈ భేదమును నేటి కాలపు వస్తువొకదానియందు పరీక్షించి చూడదలచితిమి. ఆ వస్తువు, పాత పెట్రోలు బంకుల క్రింద భూమిలో పూడ్చిన ఇనుప ట్యాంకు. విషయము వింతగా తోచవచ్చును. కాని త్రాగునీటికి సంబంధించిన ధర్మము ఎవరికిని పరాయిది కాదు.

గడచిన శతాబ్దమున మోటారుబండ్లు పెరిగినకొలది అమెరికాలో ఊరూరను బంకులు వెలసెను. నిప్పు భయము లేకుండుటకై పెట్రోలును భూమిలోపల ఉక్కు ట్యాంకులలో దాచిరి. వానిలో అనేకములకు త్రుప్పు పట్టకుండ ఏ రక్షణయు లేదు. ఏండ్లు గడచినకొలది ఇనుము త్రుప్పుపట్టి చిల్లులు పడెను. పెట్రోలు బొట్టు బొట్టుగా కారి మట్టిలో ఇంకి, భూగర్భజలమును చేరెను. నీటికంటె తేలికయగుటచే అది నీటిపై తెట్టెవలె తేలును. దానిలోని బెంజీను మాత్రము నీట కరగి, నీరు పోవు దిక్కునకు తానును పోవును. బెంజీను రక్తపు కాన్సరునకు కారణమగు పదార్థము. లీటరు త్రాగునీటిలో 5 మైక్రోగ్రాములకు మించరాదని ఆ దేశము నిర్ణయించినది. పెట్రోలు ఆవిరి మట్టిసందులగుండా పైకెగసి ఇండ్లలోనికిని రాగలదు.

ఇందు దోషి యెవడు? ట్యాంకు పూడ్చినవాడు ఆనాటి పద్ధతిని అనుసరించెను. అమ్మినవాడును కొన్నవాడును తమ పని తాము చూచుకొనిరి. నీటిని చెరుపవలెనని ఎవ్వరును తలపలేదు. ఐనను నీరు చెడినది. సద్బుద్ధితో చేసిన పని సైతము ఇట్లే పరిణమించుట కలదు. పెట్రోలు చక్కగా మండి గాలి శుభ్రముగా నుండుటకై దానిలో ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యమును కలిపిరి. అది నీట సులభముగా కరగి దూరము పోవును, త్వరగా నశింపదు. 1996లో కాలిఫోర్నియాలోని శాంతా మోనికా నగరపు బావులలో అది బయటపడగా, ఆ నగరము తన నీటివనరులలో సుమారు సగమును మూసికొనవలసివచ్చెను. పిమ్మట ఆ రాష్ట్రము 2004 నుండి దాని వాడుకను నిషేధించినది.

1984లో అమెరికా ప్రభుత్వము భూగర్భ ట్యాంకులను చట్టమునకు లోబరచెను. 1988లో నియమములు చేసి, పాత ట్యాంకులను బాగుచేయుటకో, మార్చుటకో, మూసివేయుటకో 1998 డిసెంబరు వరకు గడువిచ్చెను. అప్పటినుండి వెదకగా ధ్రువపడిన కారుడులు 5 లక్షలకు మించినవి. వెదకుటచేత అవి పుట్టలేదు. అంతకుముందే నేలలో నుండెను.

వెదకుట యన్న నెట్టిదో తెలిసికొనదగును. మొదట పాత పటములను, అనుమతి పత్రములను తిరుగవేయుదురు. ఇరుగుపొరుగు వృద్ధులను అడుగుదురు. మరచిపోయిన ట్యాంకును నేలపైనుండియే అయస్కాంత పరికరముతో గుర్తింతురు. తరువాత అక్కడక్కడ బోరు వేసి వేర్వేరు లోతుల మట్టిని పరీక్షింతురు. కనీసము మూడు పరిశీలన బావులు త్రవ్వి వాని నీటిమట్టములను పోల్చి చూతురు. రెండు బావులతో నీరు ఏ దిక్కునకు పోవుచున్నదో తేలదు. వానకాలమునను వేసవియందును మట్టము మారును గనుక ఒక్కనాటి పరీక్ష చాలదు. ఇంత శ్రమకు ఓర్చినగాని సత్యము బయటపడదు.

ఇచ్చట మన ప్రశ్నకు సమాధానము కనబడుచున్నది. తెలిసికొను మార్గము లేనప్పుడు తెలియదనుట నిర్దోషము. మార్గమున్నను తెలిసికొనకుండుట దోషము. విషద్రవ్యముల శుద్ధికై 1980లో ఆ దేశము చేసిన మరియొక చట్టము పెట్రోలునకు వర్తింపదు. కాని 1986లో దానికి చేసిన సవరణయం దీ సూక్ష్మమే కలదు. కొన్న స్థలము చెడియున్నదని తనకు తెలియదని యజమాని చెప్పుకొనవచ్చును. ఐతే కొనుటకు ముందు తగిన విచారణ చేసినవానికే ఆ మాట చెల్లును.

దీనికొక బలమైన ఆక్షేపణ కలదు. పరీక్ష చేయించినచో దోషము బయటపడును. స్థలము విలువ పడిపోవును. శుద్ధిచేయు ఖర్చుకు చిన్న వర్తకుని ఇల్లు గుల్లయగును. పూర్వుడెవడో పూడ్చినదానికి నేటివాడు నాశనము కావలెనా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. అందుచేతనే 1986లో ఆ దేశము గాలను పెట్రోలుపై సెంటులో పదవవంతు పన్ను వేసి ఒక నిధి నేర్పరచెను. బాధ్యుడు దొరకనిచోట, దొరికినను శక్తి లేనిచోట, ఆ నిధినుండి శుద్ధి జరుగును. పెట్రోలు వలన సుఖపడినవారందరును భారమును పంచుకొనుట ధర్మమే. కాని ఖర్చు పంచుకొనవచ్చును గాని, సత్యమును వెదకు బాధ్యతను యజమాని యింకొకరికి అప్పగింపరాదు. దాచిన దోషపు ఖర్చు పొరుగింటి బావిమీద పడును. ఆ పొరుగువానిని ఎవరును అడిగి యుండలేదు.

ఇది పరదేశపు కథ యని మనము ఊరకుండ వీలులేదు. తరతరములుగా తెలుగువారున్న ఉత్తర చెన్నపట్టణమున, తండయారుపేటలో, 2013లో ఇండ్ల బావులలోను బోరునీటిలోను చమురు వాసన వచ్చెను. అచ్చట కారినది ట్యాంకు కాదు, భూమిలోని చమురు గొట్టము. నీటికి కలిగిన గతి మాత్రము ఒక్కటే. కొత్త బంకులు బడులకును, ఆసుపత్రులకును, నివాసములకును సాధారణముగా 50 మీటర్ల దూరమున నుండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించినది. కలుషిత స్థలముల విషయమై 2025లో కేంద్రప్రభుత్వము నియమములు ప్రకటించినది. ఇవి మంచి ఆరంభములే. ఐనను ఏనాడో మూతపడిన బంకు ఎక్కడ నుండెనో తెలిసినవారు అధికారులకంటె ఆ వీధి పెద్దలే.

మన కుటుంబములు తరములనాడు వచ్చి ఈ ప్రాంతముల స్థిరపడినవి. ఇచ్చటి నేల మనకు ఇల్లిచ్చినది. ఇచ్చటి ప్రజలతో ఒకే భూగర్భజలమును పంచుకొనుచున్నాము. ఇంటిస్థలము కొనునప్పుడు మనము దస్తావేజులు చూతుము; తాకట్టు కలదా, బాకీ కలదా యని పత్రములు తీయింతుము. నేలలోని ఋణము ఆ పత్రములలో వ్రాసియుండదు. కాబట్టి ఆ స్థలమున పూర్వము బంకు గాని, మోటారు షెడ్డు గాని, నూనె గోదాము గాని ఉండెనా యని కొనువారు అడుగవలెను. తెలిసినవారు దాచక చెప్పవలెను. బావినీట వాసన పుట్టినచో ఇల్లు అమ్ముడుపోదను భయమున మూతవేసి ఊరకుండక, పరీక్ష చేయించి పొరుగువారికిని తెలుపవలెను. పూర్వులు తెలియక చేసినదానికి మనకు నింద రాదు. తెలిసికొని మౌనము వహించినచో మాత్రము ఆ దోషము మనదే యగును.