గింజా పాలూ కలిసే చోటు

గింజ పండించే చేతులూ పాలు పితికే చేతులూ ఎదురుపడే చోట సంత పుడుతుంది. ఆ సంత చుట్టూ ఊరు పెరుగుతుంది. ఉత్తర నైజీరియాలో హౌసా రైతులూ ఫులానీ పశుపోషకులూ కలిసే సంత ఊళ్లు అలాంటివి. మన హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కూడా ఆ కోవలోవే అంటే చప్పున నమ్మబుద్ధి కాదు. మెట్రో స్తంభాలు, స్కైవాక్, క్రికెట్ స్టేడియం, ఫ్యాక్టరీ గోడలు చూపుకు అడ్డం పడతాయి. వాటిని దాటుకుని మూసీ నది వైపు నడవాలి.

ముందు ఆ దూరపు ఊళ్ల ముచ్చట. హౌసా రైతు వానల మీద ఆధారపడి సజ్జ, జొన్న, అలసంద, వేరుశనగ పండిస్తాడు. ఫులానీ కాపరి పొడవాటి కొమ్ముల తెల్లావుల్ని తోలుకుంటూ గడ్డి ఉన్న దిక్కుకు సాగిపోతాడు. కోతలు ముగిశాక మందలు చేలల్లోకి దిగుతాయి. చొప్ప పశువుకు, పేడ నేలకు. కానో నగరం చుట్టూ కిక్కిరిసిన పల్లెల్లో తరతరాలుగా భూమి బలం తగ్గకుండా నిలబెట్టింది ఈ పశువుల ఎరువే. సంత రోజున ఫులానీ ఆడవాళ్లు సొరకాయ బుర్రల్లో పెరుగు నింపుకొని, తలమీద పెట్టుకొని వస్తారు. దంచి ఉడికించిన సజ్జ ముద్దల్ని ఆ పెరుగులో చిదిపి కలుపుకుంటారు. ఆ తిండిని ఫురా ద నోనో అంటారు. గింజ ఒకరిది, పాలు మరొకరివి, ఆకలి ఇద్దరిదీ. ఏ రాజూ రాయించని, ఏ కాగితమూ మోయని ఒడంబడిక అది. తలచుకుంటేనే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ మాట వినగానే తెలంగాణ మనిషి నాలుక మీద తగిలే రుచి ఏది? జొన్న గటుకలో చల్లటి సల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగిన రుచే. మన దగ్గరా గటుక రైతు ఇంటిది, సల్ల గొల్ల ఇంటిది. పంట కోసిన పొలంలో గొర్ల మందను రాత్రిళ్లు ఆపించుకోవడం మన రైతుకు పాత అలవాటు. గొల్ల కురుమలు మందతో వస్తారు. గొంగడి కప్పుకొని జీవాల నడుమే పడుకుంటారు. తెల్లారేసరికి మడి నిండా పెంట రాలి ఉంటుంది. దానికి బదులుగా రైతు గింజలో, పైసలో కొలిచి ఇస్తాడు. హౌసా చేనూ తెలంగాణ మడీ సముద్రానికి అటూ ఇటూ ఉండి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒకే తెలివికి వచ్చాయి!

ఇక మూసీ ఒడ్డు. అంబర్‌పేట, రామంతాపూర్ దాటి ఉప్పల్, పీర్జాదిగూడ మీదుగా ఆపై పల్లెల దాకా నగరం వదిలిన నీళ్లతోనే ఏళ్ల తరబడి పచ్చగడ్డి సాగయింది. దాన్ని పారాగడ్డి అంటారు. విత్తనంతో పనిలేదు. కాడను ముక్కలు చేసి బురదలో తొక్కితే చాలు. ఒక్క కాడ పట్టుకుని దగ్గరగా చూడండి. వేలెడంత దూరానికో కణుపు, కణుపు చుట్టూ తెల్లటి నూగు. కాడ నేలకు ఒరిగితే ఆ కణుపు దగ్గరే వేళ్లు దిగుతాయి, పక్కనుంచి కొత్త పిలక లేస్తుంది. కోసిన కొద్దీ చిక్కనవుతుంది. ఏడాది పొడవునా కోతే. మోకాటి లోతు తడిలో నిలబడి కూలీలు కొడవళ్లతో కోస్తారు, మోపులు కడతారు, బండికెత్తుతారు. ఆ మోపులు నగరంలోని గడ్డి అడ్డాలకు చేరతాయి. బర్రెల కొట్టాలవాళ్లు బేరమాడి తీసుకుపోతారు. మన గ్లాసులోకి వచ్చే పాలలో ఆ బురద కష్టం కలిసి ఉంది. దీపావళి వెనకాలే నారాయణగూడ సదర్ ఉత్సవంలో పూలదండలు, గవ్వల పట్టెడలు వేసుకొని, నూనెతో నిగనిగలాడుతూ నడిచే దున్నపోతుల్ని చూసి నగరమంతా కేరింతలు కొడుతుంది. వాటి ఒంటి మెరుపులో గడ్డి కోసినవాళ్ల వాటా కూడా ఉంది.

ఆశ్చర్యం ఇంకా ఉంది. ఈ పారాగడ్డి పుట్టిల్లు ఆఫ్రికా. మనం మనదే అనుకునే జొన్న కూడా ఆఫ్రికాలోనే మచ్చికైంది. సజ్జను సుమారు 4,500 ఏళ్ల కిందట సహారా ఎడారి దిగువన ఉన్న సహెల్ నేలల్లో జనం పంటగా మలిచారు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకే అది మన దేశం చేరింది. ఆ గింజలు ఎవరి మూటల్లో, ఏ పడవల్లో వచ్చాయో గానీ, అవి దిగిన నేల వాటిని కడుపున పెట్టుకుంది. 1972లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ పంటల మీద పనిచేసే ఆ సంస్థ శాస్త్రవేత్తలు నైజర్, నైజీరియా రైతుల చేలల్లోనూ అదే పని చేస్తున్నారు. ఎన్నడో అటునుంచి వచ్చిన గింజ రుణం ఇటునుంచి తీరుతోంది.

ఆ గింజ నాచారంలో నేటికీ ఎలా బతుకుతోందో సాయంత్రం వేళ చూడాలి. పారిశ్రామికవాడ షిఫ్టు వదిలే సమయానికి రోడ్డు పక్కన జొన్నరొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేతి కిందిభాగంతో అదిమి మర్దన చేసి, ముద్దను పీట మీద తిప్పుతూ తడతారు. ప్రతి దెబ్బకూ రొట్టె కాస్త పెద్దదవుతుంది, అంచు చీలదు. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్దుతారు. జొన్నపిండికి సాగే గుణం లేదు. ఆ గుణాన్ని చేతులు ఇస్తాయి. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన కూలీ ఆ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే అతని ఊరే అక్కడికి వస్తుంది.

నైజీరియాలో మందలు నడిచే పాత దారులు చాలాచోట్ల మూసుకుపోయాయి. రైతుకూ కాపరికీ నడుమ నెత్తురు చిందింది. ఒకరినొకరు పోషించుకున్నవాళ్ల మధ్య దారి ఇరుకైతే ఏం జరుగుతుందో అది చెబుతోంది. మన దగ్గరా ఆ ఇరుకు మొదలైంది. మూసీ పక్కనున్న సాగునేల ఉప్పల్ భగాయత్ ఇప్పుడు ప్లాట్లయింది. ఒడ్డు వెంట గడ్డి మళ్లు కుంచించుకుపోతున్నాయి.

మూసీ బాగుపడాలి. అందులో పారే నీరు శుద్ధమై తీరాలి. ఆ నీళ్లలో కాళ్లు పెట్టి బతికిన గడ్డి రైతులకూ కూలీలకూ అందరికంటే ముందు ఆ శుభ్రమైన నీరు అందాలి. నది ఒడ్డున రేపు వేసే నడకదారుల పక్కన, తోటల పక్కన ఇంత గడ్డి మడికీ ఇన్ని బర్రెలకూ చోటు ఉంచండని మూసీని బాగుచేసే పనులు చేపట్టిన పెద్దలందరినీ వేడుకుంటున్నాను. గింజ పండించేవాడూ పాలు పితికేవాడూ పక్కపక్కన నిలబడగలిగినంత కాలమే నగరానికి తిండి.