మతాచార్యునికి శాసనసభలో ఆసనం

ఖర్గపూర్ దాటి హౌరా చేరబోయే తెలుగు ప్రయాణికులకు సంత్రాగాఛి పరిచితమైన పేరే. శీతకాలంలో వలసపక్షులు వచ్చి వాలే చెరువుకు దగ్గరలో ఉన్న జంక్షన్ అది. అక్కడినుంచి తూర్పు దిక్కుగా హుగ్లీ ఒడ్డుకు వెళితే శిబ్‌పూర్ వస్తుంది. నేడు అక్కడ పేరుపొందిన ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఉన్న ఆవరణ ఒకప్పుడు క్రైస్తవ వేదాంత కళాశాలది. కలకత్తా తొలి ఆంగ్లికన్ బిషప్ థామస్ మిడిల్టన్ 1820 డిసెంబరులో, బొటానికల్ గార్డెన్ సరసన ప్రభుత్వమిచ్చిన భూమిలో, బిషప్స్ కాలేజీకి పునాది వేశారు. 1880లో ఆ కళాశాల కలకత్తా నగరంలోకి తరలిపోగా, భవనాలు ఇంజనీరింగ్ కళాశాల పరమయ్యాయి. భూమి ఇచ్చినదీ, తరువాత ఆ ఆవరణను వేరే పనికి మళ్లించుకున్నదీ రాజ్యమే. రాజ్యానికీ మతపీఠానికీ ఉండదగిన దూరమెంత అన్న పాత ప్రశ్నను ఈ చోటు నుంచి పరిశీలించడం అనుచితం కాదు.

ప్రశ్నను ముందుగా స్పష్టం చేసుకోవాలి. మతాచార్యుడు రాజకీయాలు మాట్లాడవచ్చునా అన్నది ఇక్కడి చర్చ కాదు. పౌరుడుగా ఆయనకు ఆ హక్కు ఉంది. ఎన్నికలలో గెలిచి సభకు వెళ్లినా ఆక్షేపించవలసింది లేదు. జెసూట్ గురువు జెరోమ్ డిసౌజా మద్రాసు నుంచి మన రాజ్యాంగ సభకు అలాగే ఎన్నికయ్యారు. మతపీఠం అధిష్ఠించిన కారణంగానే, ఎవరి ఓటూ అవసరం లేకుండా, ఒక వ్యక్తి చట్టాలు చేసే సభలో కూర్చొని ఓటు వేయవచ్చునా? చర్చించవలసిన ధర్మసందేహం ఇది.

ఇంగ్లండులో ఈ సందేహానికి శతాబ్దాలుగా అనుకూలంగానే సమాధానం లభిస్తున్నది. ప్రభువుల సభలో 26 మంది ఆంగ్లికన్ బిషప్పులకు హోదారీత్యా స్థానాలున్నాయి. కాంటర్బరీ, యార్క్ ఆర్చిబిషప్పులకూ, లండన్, డర్హమ్, వించెస్టర్ బిషప్పులకూ ఆ స్థానాలు పీఠంతోపాటే సంక్రమిస్తాయి. మిగతా 21 స్థానాలకు ప్రధానంగా సీనియారిటీయే ప్రాతిపదిక. స్త్రీలు బిషప్పులు కావడానికి వీలు కలిగిన పిమ్మట వారికి ప్రాధాన్యమిస్తూ 2015లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ఆంగ్లికన్ సంఘాన్ని ఐర్లండులో 1871లో, వేల్సులో 1920లో రాజ్యం నుంచి వేరుచేశారు. అయినా బ్రిటన్ అంతటికీ వర్తించే చట్టాలపై ఇంగ్లండు బిషప్పులు మాత్రం ఓటు వేస్తూనే ఉన్నారు. వేల్సు పౌరుడు దీన్ని ప్రశ్నిస్తే న్యాయబద్ధమైన జవాబు దొరకడం కష్టం.

ఈ ఓటు ఎటు మొగ్గింది? చరిత్ర ఒకే విధంగా సాక్ష్యం చెప్పదు. ఓటు హక్కును విస్తరించే సంస్కరణ బిల్లు 1831 అక్టోబరులో ప్రభువుల సభ ముందుకు వచ్చినప్పుడు 199 మంది వ్యతిరేకించగా 158 మంది సమర్థించారు. వ్యతిరేకించినవారిలో 21 మంది బిషప్పులు. ఆ 21 ఓట్లూ అటుతిరిగి ఉంటే బిల్లు ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గేది. జనం కూడా ఈ లెక్క కట్టుకున్నారు. ఆ నెలాఖరులో బ్రిస్టల్ అల్లర్లలో బిషప్ భవనం దగ్ధమైంది. దీనికి భిన్నమైన ఉదాహరణ 2012 జనవరిలో కనిపిస్తుంది. పేద కుటుంబాలకిచ్చే సహాయంపై గరిష్ఠ పరిమితి విధించే బిల్లు వచ్చినప్పుడు, పిల్లల భత్యాన్ని ఆ పరిమితి నుంచి మినహాయించాలని రిపన్ అండ్ లీడ్స్ బిషప్ జాన్ ప్యాకర్ సవరణ ప్రతిపాదించారు. అది 252-237 ఓట్లతో నెగ్గింది. కామన్స్ సభ కొద్దిరోజులకే దాన్ని తోసిపుచ్చింది. అయినా పేదపిల్లల మాట రెండు సభలలోనూ చర్చకు రావడానికి ఆ ఆసనమే కారణం. ఆసనాన్ని సమర్థించేవారి వాదంలో బలమైనది ఇదే. ఎన్నికల భయం లేనివాడు జనాదరణ లేని సత్యం చెప్పగలడని వారంటారు. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము.

అయితే రాజ్యం ఇచ్చే పీఠానికి రాజ్యం విధించే షరతులు ఎలాంటివో తెలుసుకోవాలంటే మళ్లీ కలకత్తాకే రావాలి. కలకత్తా బిషప్ పదవి బ్రిటిష్ పార్లమెంటు 1813లో చేసిన చార్టర్ చట్టం నుంచి పుట్టింది. బిషప్పుకు ఏటా 5,000 పౌన్లు, ముగ్గురు ఆర్చిడీకన్లకు ఒక్కొక్కరికి 2,000 పౌన్లు ఈ దేశపు ఆదాయం నుంచి చెల్లించాలని ఆ చట్టమే నిర్ణయించింది. చెల్లించింది కంపెనీ అయినా, ఆ డబ్బు రైతు కట్టిన శిస్తే. ఆ రైతు ఆ చర్చి గడప తొక్కినవాడు కాడు. మిడిల్టన్ 1814 చివర కలకత్తా చేరి, తన అధికారపత్రాన్ని ఎంతో శ్రద్ధగా చదివారు. అది బ్రిటిష్ ప్రజల ఆధ్యాత్మిక పాలనకు సంబంధించినది. ఈ దేశీయుని గురువుగా అభిషేకించే అధికారం తనకు లేదని ఆయన నిర్ధారించుకున్నారు. దేశీయ గురువులను తయారుచేయాలని శిబ్‌పూర్‌లో కళాశాల కట్టించిన మనిషి, వారిలో ఒక్కరినైనా అభిషేకించకుండానే 1822లో కన్నుమూశారు. పార్లమెంటు 1823లో మరో చట్టం చేసిన తరువాతనే ఆయన వారసుడు రెజినాల్డ్ హీబర్ ఆ పని చేయగలిగారు. అపోస్తలుల నాటి నుంచి బిషప్పుకు ఉన్నదని ఆ మతం విశ్వసించే అధికారం, రాజపత్రంలోని ఒక వాక్యం దగ్గర దాదాపు ఎనిమిదేళ్లు ఆగిపోయింది. మిడిల్టన్ మనస్సాక్షి లేనివారు కారు. ఆయన మనస్సాక్షికి పార్లమెంటు అనుమతి అవసరమైంది.

పదవి లేనివాడి సంగతి చూద్దాం. బెంగాల్ నీలిమందు రైతుల దుస్థితిని చిత్రించిన దీనబంధు మిత్ర నాటకం 'నీల్ దర్పణ్'కు ఆంగ్లానువాదం ప్రచురించినందుకు రెవరెండ్ జేమ్స్ లాంగ్‌కు 1861లో నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జుర్మానా పడ్డాయి. ఆ అనువాదం శిబ్‌పూర్ బిషప్స్ కాలేజీలోనే చదువుకున్న మైకేల్ మధుసూదన దత్తు చేసినదని ప్రతీతి. జుర్మానా సొమ్ము కాళీప్రసన్న సింహా చెల్లించారు. లాంగ్ ఆంగ్లికన్ గురువే కానీ బిషప్ కారు, ఏ సభలోనూ సభ్యులు కారు. అయినా తోటల యజమానుల చేష్టలపై పాలకవర్గం దృష్టి నిలవడానికి ఆయన చేసిన పని తక్కువది కాదు. ప్యాకర్ సవరణ వీగిపోయినా ఆయన పీఠానికి ఏ భంగమూ కలగలేదు. లాంగ్ జైలుకు వెళ్లారు. మాటకు నైతిక బలం అది చెప్పినవాడు చెల్లించిన మూల్యం నుంచి వస్తుందా, కూర్చున్న కుర్చీ నుంచి వస్తుందా అన్నది ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి చూసినప్పుడు కొంత బోధపడుతుంది.

తెలుగునాట ఈ ప్రశ్న మరింత పదునుగా ఎదురైంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకొని, 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరి, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. దోర్నకల్ అధ్యక్ష మండలం రాజపత్రంతో ఏర్పడినది కాదు. మిడిల్టన్ పీఠానికీ ఈ పీఠానికీ వందేళ్ల దూరంతోపాటు ఈ తేడా కూడా ఉంది. ఇక్కడి విశ్వాసుల్లో అత్యధికులు మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు.

1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి, భారతీయ క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. క్రైస్తవుల ఓట్లతో క్రైస్తవులే ఎన్నికయ్యే ఏర్పాటు అది. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో వారికి 8 స్థానాలు దక్కాయి. క్రైస్తవ నాయకులలో ఏకాభిప్రాయం లేదు. రౌండ్ టేబుల్ సమావేశంలో పన్నీర్‌సెల్వం ఆ స్థానాలు కోరగా, ఎస్.కె. దత్తా వద్దన్నారు. అజరయ్య వాటిని గట్టిగా వ్యతిరేకించారు. సంఘం ఓట్ల లెక్కలోకి దిగితే కొత్తగా చేరే ప్రతి మనిషీ ఒక ఓటుగానే కనిపిస్తాడనీ, సువార్త ప్రకటనను ఇతరులు స్థానాలు పెంచుకునే ఎత్తుగడగా చూస్తారనీ ఆయన ఆందోళన. మతమార్పిడి విషయమై గాంధీజీతో తీవ్రంగా విభేదించిన ఈ బిషప్, ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో జాతీయవాదుల పక్షానే నిలిచారు. తన మందకు అధికారం ఇస్తానంటున్న ప్రభుత్వానికి బిషప్ వద్దని చెప్పడం అరుదైన విషయం. ఇంగ్లండు బిషప్పులెవరికీ అలా చెప్పవలసిన అవసరం కలగలేదు.

ఈలోగా చర్చి కూడా రాజ్యం నుంచి విడివడింది. 1927లో బ్రిటిష్ పార్లమెంటు ఇండియన్ చర్చి చట్టం చేసింది. 1930 మార్చి 1 నుంచి భారత, బర్మా, సింహళ ఆంగ్లికన్ సంఘం తన నియమాలు తానే చేసుకోగల స్వతంత్ర సంఘమైంది. అదే 1927 డిసెంబరులో, ఇంగ్లండు సంఘం సవరించుకున్న ప్రార్థనాగ్రంథాన్ని కామన్స్ సభ 238-205 ఓట్లతో తిరస్కరించింది. మరుసటి జూన్‌లో మళ్లీ తిరస్కరించింది. పార్లమెంటులో స్థానమున్న సంఘానికి తన ప్రార్థనలు మార్చుకునే స్వేచ్ఛ లేకపోగా, స్థానం లేని సంఘానికి ఆ స్వేచ్ఛ లభించింది. ఈ స్వేచ్ఛ లేకుంటే 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, మెథడిస్టులు, ఇతర సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడడం ఊహించలేము. అందుకోసం ఏళ్ల తరబడి శ్రమించిన అజరయ్య 1945 జనవరి 1ననే మరణించారు.

స్వతంత్ర భారతం ఈ విషయంలో స్పష్టమైన మార్గం ఎంచుకుంది. రాజ్యసభకు రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మందికి రాజ్యాంగం పేర్కొన్న రంగాలు సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సమాజసేవ. మతం ఆ జాబితాలో లేదు. మతాల వారీ రిజర్వుడు స్థానాలను విడిచిపెట్టే తీర్మానాన్ని 1949 మేలో ప్రతిపాదించినది బెంగాలీ క్రైస్తవుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీ. ఆయన రాజ్యాంగ సభ ఉపాధ్యక్షులు. అజరయ్య 1932లో కోరినది పదిహేడేళ్లకు నెరవేరింది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోక తప్పదు. ఆసనం వదులుకోవడం ఉదాత్తమే కావచ్చు, దానికి మూల్యం చెల్లించింది ఎవరు? 1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి మినహాయించింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ తలుపు తెరుచుకున్నది. క్రైస్తవ దళితులకు తెరుచుకోలేదు. మతం పేరిట స్థానాలు వదులుకోవడమూ, కులం కారణంగా రావలసిన రక్షణ కోల్పోవడమూ వేర్వేరు విషయాలని న్యాయవేత్తలు గుర్తుచేస్తారు. అది నిజమే. అయినా శాసనసభల్లో తమవారంటూ ఎవరూ లేని సమయంలోనే ఈ ఉత్తర్వు నిలదొక్కుకున్నదన్న మాటా నిజమే. బిషప్పులకు ఆసనాలుంటే ఇది జరిగేది కాదని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. 1831లో బిషప్పులు ఎవరి పక్షాన నిలిచారో చూశాము. పీఠం ఉన్నవాడికి పల్లె గోడు వినిపించి తీరుతుందన్న హామీ లేదు. అజరయ్య నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం. అయితే ఆ త్యాగం పేరు ఆయనకు దక్కింది, భారం ఆయన సంఘంలోని నిరుపేదలపై పడింది. ఇద్దరినీ ఒకే లెక్కలో వేయడం న్యాయం కాదు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. అదే ప్రశ్నను పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ నియమితమైంది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారిని వెనుకబడిన తరగతుల 'సి' విభాగంలో చేర్చి, వారికి ఒక శాతం రిజర్వేషన్ కేటాయించారు. దోర్నకల్ చుట్టుపక్కల ఒకే మాదిగ కుటుంబంలో అన్నకు ఒక సర్టిఫికెట్టు, బాప్తిస్మం తీసుకున్న తమ్ముడికి మరొకటి ఉండవచ్చు. ఊరివాళ్లు ఇద్దరినీ ఒకే పేరుతో పిలుస్తారు.